న్యూయార్క్ నగర ఆస్తి దస్తావేజుల వెబ్‌సైట్ ఏక్రిస్ (ACRIS)లో నాన్నగారి పాత స్నేహితుడి పేరు రావడం లేదన్నారు కదా
చాలావరకు చిక్కు ఇంటిపేరు దగ్గరే. ఏక్రిస్ ఇంటిపేరును ముందు అడుగుతుంది. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారవడం మామూలే.

1. పార్టీ నేమ్ సెర్చ్‌లో (కొన్నవారు, అమ్మినవారి పేరుతో వెతికే చోట) రెండు రకాలుగానూ కొట్టి చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నగరంలో భాగమే అయినా స్టాటెన్ ఐలాండ్ దస్తావేజులు ఏక్రిస్‌లో ఉండవు. మన్‌హట్టన్, బ్రాంక్స్, బ్రూక్లిన్, క్వీన్స్ దస్తావేజులు మాత్రమే ఉంటాయి, అవీ 1966 నుంచి. స్టాటెన్ ఐలాండ్‌లో ఇల్లు కొని ఉంటే ఎన్నిసార్లు వెతికినా ఖాళీయే. దానికి రిచ్‌మండ్ కౌంటీ (స్టాటెన్ ఐలాండ్ కౌంటీ పేరు ఇదే) క్లర్క్ రికార్డులు విడిగా చూడాలి.

3. పేరు తగిలితే డీడ్ (ఇంటి దస్తావేజు) తెరవండి. కొన్నవారి చిరునామా, చాలాసార్లు భార్య పేరూ ఉంటాయి. మనిషి ఆయనేనా అని దాన్నిబట్టి సరిచూసుకోండి.

అద్దెకున్నవాళ్లు ఇందులో కనిపించరు.

చిరునామా దొరికితే ముందు ఉత్తరం రాయండి. చెప్పకుండా గుమ్మంలో దిగితే పెద్దాయన కంగారుపడతారు.