టెక్ సందేహాలు: ఎలక్ట్రిక్ కారు బాకీ తీరేదెప్పుడు?

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు తయారీలో పెట్రోలు కారుకంటే ఎక్కువ కాలుష్యం పుడుతుందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నిజమేనా? కొనాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

మెసేజ్‌లో ఉన్నది నిజమే, కాకపోతే సగం చెప్పి ఆపేశారు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. వోల్వో కంపెనీయే 2021లో లెక్కలు వేసి బయటపెట్టింది. తన సీ40 రీఛార్జ్ ఎలక్ట్రిక్ కారును ఎక్స్‌సీ40 పెట్రోలు కారు పక్కన పెట్టి చూస్తే, ముడిసరుకు దగ్గర్నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు దాదాపు 70 శాతం ఎక్కువని తేలింది. బ్యాటరీ తయారీకే బోలెడు కరెంటు కావాలి మరి.

ఆ బాకీ రోడ్డు మీద తీరాలి. ఎంత తొందరగా తీరుతుందన్నది మీరు ఏ కరెంటుతో ఛార్జ్ చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. అదే నివేదిక ప్రకారం, పూర్తిగా గాలిమరల కరెంటు వాడితే 49,000 కిలోమీటర్లకు పెట్రోలు కారుతో సమానమవుతుంది. యూరప్ సగటు కరెంటుతో 77,000, ప్రపంచ సగటు కరెంటుతో 1,10,000 కిలోమీటర్లు పడుతుంది. రోజుకు 40 కిలోమీటర్లు నడిపేవారికి మొదటిది మూడేళ్ల పైచిలుకు, చివరిది ఏడున్నరేళ్లు. 2 లక్షల కిలోమీటర్ల జీవితకాలానికి మొత్తం ఉద్గారాలు చూస్తే పెట్రోలు కారు 59 టన్నులు, ఎలక్ట్రిక్ కారు ప్రపంచ సగటు కరెంటుతో 50, గాలిమరల కరెంటుతో 27.

కాబట్టి బాగా తిరిగేవారైతే నిక్షేపంగా కొనండి. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు కూడా తిరగనివారు, ఉన్న కారు బాగానే నడుస్తుంటే పర్యావరణం పేరు చెప్పి మార్చాల్సిన పనిలేదు. ఇంటిపైన సోలార్ ప్యానెళ్లు ఉన్నవారు కారు యాప్‌లో ఛార్జింగ్ షెడ్యూల్‌ను మధ్యాహ్నానికి మార్చుకోండి. చాలామంది రాత్రికి పెట్టేసి మరిచిపోతారు.

అన్నట్టు, 2030 నాటికి ఎలక్ట్రిక్ కార్లే అమ్ముతామన్న ఇదే వోల్వో 2024 సెప్టెంబరులో కాస్త వెనక్కి తగ్గింది. 2030 నాటి అమ్మకాల్లో 90 నుంచి 100 శాతం అన్న కొత్త లక్ష్యంలో ప్లగిన్ హైబ్రిడ్లనూ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కార్లు) కలిపేసుకుంది. ప్లగ్ పెట్టే ఓపిక లేనివారి చేతిలో ప్లగిన్ హైబ్రిడ్ అంటే బరువెక్కువున్న పెట్రోలు కారే!

ప్రశ్న: బ్యాటరీ పాస్‌పోర్ట్ అంటే ఏమిటి? సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు పనికొస్తుందా?

తప్పకుండా పనికొస్తుంది. ఇది బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే డిజిటల్ రికార్డు. వోల్వో 2024లో ఈఎక్స్90 ఎలక్ట్రిక్ కారుతో దీన్ని మొదలుపెట్టింది. డ్రైవర్ తలుపు లోపలివైపు ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బ్యాటరీలో వాడిన ముడిసరుకు ఎక్కడిది, రీసైకిల్ చేసిన సరుకు ఎంత, కార్బన్ లెక్క ఎంత అనేవి యజమానికి కనిపిస్తాయి. 2027 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలన్నిటికీ పాస్‌పోర్ట్ తప్పనిసరి. పాత కారు బేరమాడేటప్పుడు బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో ముందు అడగండి, ఓడోమీటర్ సంగతి తర్వాత.

ప్రశ్న: పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కారు లోపాలను చదివే ఓబీడీ స్కానర్ యాప్ పీ0420 కోడ్ చూపిస్తోంది. మెకానిక్ క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటున్నాడు.

తొందరపడకండి. కన్వర్టర్ లోపల ఉండి పొగలోని విషవాయువులను అణిచే క్యాటలిస్ట్ పనితీరు తగ్గినట్టుందని మాత్రమే ఆ కోడ్ అర్థం. ఎగ్జాస్ట్ గొట్టం లీకైనా, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. ఈ సెన్సర్‌ను పొగలోని మూడు రకాల విషవాయువులను ఒకేసారి అణిచే క్యాటలిస్ట్‌తో జతచేసి 1976లోనే కారుకు పెట్టింది కూడా వోల్వోయే.

యాప్‌లో లైవ్ డేటా తెరిచి, ఇంజిన్ బాగా వేడెక్కాక కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్ గ్రాఫ్ చూడండి. అది నిలకడగా ఉంటే కన్వర్టర్ బహుశా బాగానే ఉన్నట్టు. 0.1, 0.9 వోల్టుల మధ్య ఆగకుండా ఊగుతుంటే మెకానిక్ మాటలో నిజం ఉండొచ్చు. అప్పుడైనా ముందు లీకేజీ చూడమని అడగండి.