జానపదం పాడే పిల్లకు సంగీతం నేర్పించాలా?

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. బతుకమ్మకు తను పాట ఎత్తుకుంటే వాడకట్టంతా వచ్చి నిలబడతారు. కర్ణాటక సంగీతం నేర్పిద్దామంటే మా అన్నయ్య వద్దంటున్నాడు, పాటలో పల్లెదనం పోతుందట. సంగీతం టీచరేమో నాలుగేళ్లు జానపదం ముట్టుకోవద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇద్దరి మాటా సగమే వినండమ్మా.

బతుకమ్మ దగ్గర మీ అమ్మాయి ఒక పాదం పాడగానే చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. ఆ సందులో తను ఊపిరి తీసుకుంటుంది. రేపు పాట రికార్డింగ్‌కు స్టూడియోకు వెళితే అక్కడ అందుకునేవాళ్లు ఉండరు. వాకిట్లో ఊపు వచ్చేకొద్దీ శ్రుతి పైకి జరిగినా ఎవరూ పట్టించుకోరు, స్టూడియోలో ముందే రికార్డ్ చేసిన వాద్యాల ట్రాక్ మాత్రం జరగదు. ఇక సద్దుల బతుకమ్మ మర్నాడు గొంతు బొంగురుపోయే ఆడవాళ్లు మీ వాడలోనూ ఉంటారు. వీటికి కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వర సాధనలు, అంటే సరళీ వరసలు, జంట వరసలు, మూడు కాలాల్లో (వేగాల్లో) అలంకారాలు బాగా పనికొస్తాయి. మొదట్లో విసుగే, ముందే చెబుతున్నా.

మీ అన్నయ్య భయం కూడా ఉత్తిది కాదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, అలవాటైన గొంతు అక్కర్లేని చోట కూడా స్వరాన్ని ఊపుతుంది. అంతకన్నా నష్టం యాసను దిద్దడం. ‘పోతున్నడు’ను ‘పోతున్నాడు’ చేస్తే ఒక మాత్ర (పలికే కాలం కొలత) పెరిగి దరువే తప్పుతుంది. అందుకే టీచర్‌తో ముందే మాట్లాడండి: గొంతు సాధన మీ ఇష్టం, యాస జోలికి మాత్రం రావద్దని. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూడండి. నాలుగేళ్లు జానపదం మానమనే షరతు నాకైతే నచ్చలేదు.

చేరే ముందు తన పాటలు ఓ పది ఫోన్‌లో రికార్డ్ చేయండి. మూడు నెలలకోసారి అవే పాటలు మళ్లీ పాడించి పక్కపక్కన వినండి. తేడా మీ చెవికే తెలుస్తుంది, మీరూ ఆ పాటల మధ్య పెరిగినవారే కదా.

వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. డిగ్రీ క్లాసులతో టైమింగ్స్ కుదురుతాయేమో వెళ్లి అడగండి. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం కూడా వరంగల్‌లోనే ఉంది, పీజీ నాటికి అటు ఆలోచించవచ్చు. ఈలోగా ఐనవోలు మల్లన్న జాతరకు తీసుకెళ్లి ఒగ్గు కథ వినిపించండి, అది మల్లన్న కథను పాడుతూ చెప్పే జానపద కళ. ఒగ్గు కథ చెప్పేవాళ్లు పెద్దల వెనక వంత పాడుతూ ఏళ్ల తరబడి నేర్చుకున్నవారే. మరి అది శిక్షణ కాదంటారా మీ అన్నయ్య?

డిగ్రీ మాత్రం ఆపకండి. పాటకు వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, రెండు నెలలు ఉండదు.