బండి సందేహాలు: షూలు కొత్తవే, బ్రేకే పట్టదు

ప్రశ్న: నాది తొమ్మిదేళ్ల నాటి వంద సీసీ బండి, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. నెల కిందట వెనక బ్రేకు షూలు (డ్రమ్ లోపలి గోడకు ఆని చక్రాన్ని ఆపే ముక్కలు) మార్పించాను. అయినా పెడల్ అడుగుదాకా తొక్కితే గానీ ఆగడం లేదు. బ్రేకు రాడ్ నట్టును దాని మర గాట్ల చివరిదాకా బిగించేశారు. ఇప్పుడు హబ్ (డ్రమ్ ఉండే చక్రం నడిమి భాగం) మార్చాలంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: హబ్ కొనేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. మీరు రాసినదాంట్లో అసలు ఆనవాలు రాడ్ నట్టు. కొత్త షూలు పడ్డ బండికి నట్టు మర గాట్ల చివరికి వెళ్లకూడదు. వెళ్లిందంటే రాడ్ లాగే బ్రేక్ ఆర్మ్ తప్పు పంటి మీద కూర్చుని ఉండాలి, లేదా డ్రమ్ లోపల అరిగి ఉండాలి, లేదా షూలు ఆ బండివి కాకపోయి ఉండాలి.

ముందు ఆర్మ్ చూడండి, పైసా ఖర్చు లేని పని. ఒకరిని పెడల్ తొక్కి పట్టమని, మీరు వెనక చక్రం పక్కన కూర్చోండి. బ్రేకు పట్టినప్పుడు రాడ్‌కూ ఆర్మ్‌కూ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. ఆర్మ్ కొస అది దాటి ముందుకు వాలిపోతే, తొక్కే బలంలో కొంత, షూలను విప్పి డ్రమ్‌కు నొక్కే క్యామ్‌కు చేరదు. షూలు మంచివి కావని రెండోసారి మార్చేసేది చాలావరకు ఇలాంటి బండ్లకే. క్యామ్ కొస మీద, ఆర్మ్ మీద చిన్న చుక్క గుర్తులుంటాయి, రెండూ ఎదురెదురుగా రావాలి. రాకపోతే ఆర్మ్ బోల్టు పూర్తిగా ఊడదీసి సరిగ్గా కూర్చోబెట్టండి. గుర్తులు కలిసే ఉంటే మాత్రం, బ్రేకు కోసం ఒక పన్ను జరిపే కిటుకు వద్దు. షూలు అరిగినట్టు చెప్పే బాణం గుర్తు ఇక పనికిరాదు. పైగా షూలు పలచబడ్డాక క్యామ్ అతిగా తిరిగి చక్రం పట్టేయవచ్చు.

తర్వాత చక్రం దించండి. లోపలి పొడిని గాలి కొట్టి ఊదొద్దు, పాత రకం షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. ఈ తరహా బండ్లలో ఎక్కువగా ఉండే 130 మి.మీ. డ్రమ్‌కు లోపలి వ్యాసం మామూలుగా 131 వరకే పనికొస్తుంది. చాలా డ్రమ్ముల లోపల ఆ అంకె పోతపోసి ఉంటుంది. లేత్ షాపులో వెర్నియర్‌తో కొలిపించండి. దాటిందా, మీ మెకానిక్ చెప్పిందే నిజం.

దాటకపోతే షూల మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి, చక్రం ఎక్కించి, పెడల్ కొద్దిగా తొక్కిపెట్టి నాలుగైదు చుట్లు చేత్తో తిప్పండి. మళ్లీ విప్పితే సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే షూ ఆనుతోందని అర్థం. కాస్త అరిగిన డ్రమ్‌లో కొత్త షూ నడిమధ్యే ఆనుతుంది, రెండు కొసలూ తేలుతాయి. 80 నంబరు గరుకు కాగితంతో ఆ నడిమి భాగాన్ని పలచగా రుద్ది, రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా బ్రేకు వాడుతూ నడిపితే పట్టు కుదురుతుంది. షూ అద్దంలా మెరుస్తున్నా ఇదే వైద్యం. గ్రీజు, చెయిన్ ఆయిల్ పీల్చిన షూలను మాత్రం పెట్రోలుతో కడిగి వాడొద్దు, వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్లీ పైకి తేలుతుంది. అవి పారేయాల్సిందే. జిడ్డు ఎక్కడిదో కూడా వెతకండి: చక్రం బేరింగ్ సీలు పోయిందా, లేక క్యామ్‌కు గ్రీజు ముద్దగా పెట్టారా? క్యామ్ ముఖాలకూ ఇరుసుకూ, షూలు ఆనే పిన్నుకూ వేడికి కరగని గ్రీజు పలచటి పూత చాలు.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి, అలాగే ఉండగా నట్టు బిగిస్తే షూలు డ్రమ్‌కు సమంగా కూర్చుంటాయి. టార్క్ రాడ్ నట్టునూ దాని స్ప్లిట్ పిన్నునూ మరచిపోవద్దు, అది ఊడితే బ్రేక్ ప్లేటే తిరిగిపోతుంది. చివరగా బ్రేకు రాడ్ నట్టుతో పెడల్ ప్లే (బ్రేకు పట్టే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) 20–30 మి.మీ. పెట్టండి. చెయిన్ బిగించిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరిగి రాడ్ లాగేస్తుంది, ప్లే తగ్గిపోయి షూలు రుద్దుకుంటూనే ఉంటాయి, వేడికి గట్టిపడి మెరుపెక్కుతాయి. చెయిన్ చూసిన రోజే బ్రేకు రాడ్ నట్టూ చూడాలి.

ప్రశ్న: వెనక డిస్క్ బ్రేకు. ప్యాడ్లు సగం పైనే ఉన్నాయి. మొదట తొక్కితే పెడల్ మెత్తగా దిగుతోంది, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బ్రేకు ద్రవం పోయే లైన్లో గాలి చేరినట్టుంది. బ్రేకు ద్రవం ట్యాంకు మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 ద్రవమే కొనండి, ఇంజన్ ఆయిల్ పడితే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) నిప్పుల్‌కు గొట్టం తగిలించి సీసాలోకి వదలండి. పెడల్ నాలుగైదుసార్లు తొక్కి పట్టుకోవాలి, నిప్పుల్ పావు చుట్టు తెరవాలి, మూసేశాకే పెడల్ వదలాలి. ఈ మధ్యలో ట్యాంకు మట్టం కింది గీత దాటి దిగితే గాలి మళ్లీ లోపలికి పోయి పని మొదటికొస్తుంది. బుడగలు ఆగాక కూడా తొక్కిపట్టిన పెడల్ మెల్లమెల్లగా దిగుతుంటే, బయట ఎక్కడా కారకుంటే, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ సీలు మార్పించండి. ద్రవం పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

ప్రశ్న: 2021లో కొన్న 110 సీసీ బండి. వెనక బ్రేకు తొక్కితే ముందు చక్రం కూడా ఆగుతోంది. ఏదో ఇరుక్కుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఏమీ ఇరుక్కోలేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు కొత్త బండ్లకు కంబైన్డ్ బ్రేకు గానీ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ ఉండాలన్న నిబంధన వచ్చింది. మీది మొదటి రకం. వెనక పెడల్ తొక్కితే కేబుల్ ద్వారా ముందు బ్రేకూ కొంత పడుతుంది. ఇలాంటి బండిలో పెడల్ పట్టు తగ్గితే వెనక షూలతో ఆగకుండా ఆ కేబుల్ వదులైందేమో, ముందు బ్రేకు అరిగిందేమో కూడా చూపించండి.