గోదావరి లోయ ఫోర్‌ఆర్క్ బేసినేనా? అసలు ఆ బేసిన్‌లో పొరలు ఎందుకు వంగుతాయి?

మీరు హన్మకొండలో ఉండి పరీక్షకు చదువుతున్నానని రాసి, ఫోర్‌ఆర్క్ బేసిన్ (అగ్నిపర్వతాల వరుసకు సముద్రం వైపు ఉండే పల్లం) ఎలా పుడుతుంది, ఎలా వంకర్లు పోతుంది, మన గోదావరి లోయ కూడా అదేనా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను: కాదు. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు బోర్ల నుంచి తీసిన కోర్లు, అంటే రాతి కడ్డీలు, చూసే పని కొన్నేళ్లు చేశాను. అక్కడ నేల రెండు పక్కలకూ సాగి, ఫాల్టుల (నేలలోని పగుళ్ల) వెంట మధ్యభాగం కుంగింది. పెర్మియన్ కాలంలో, అంటే సుమారు 30 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందట, ఆ పల్లంలో పెరిగిన చిత్తడి అడవులే పూడిపోయి బొగ్గయ్యాయి. ఇదంతా ఖండం నడుమ జరిగింది.

ఫోర్‌ఆర్క్ బేసిన్ పుట్టాలంటే భూమి పైపెంకులోని ఒక పలక ఇంకోదాని కిందికి దూరాలి. దూరేచోట సముద్రంలో ట్రెంచ్ అనే లోతైన కందకం, లోపలి వైపు అగ్నిపర్వతాల వరుస ఏర్పడతాయి. ఈ రెండింటి మధ్య పల్లంలో మట్టి, ఇసుక, బూడిద చేరుతాయి. నోట్సుల్లో ఇంతవరకే ఉంటుంది. ఆ పల్లానికి సముద్రం వైపు గట్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది.

ఓపెన్‌కాస్ట్‌లో డోజర్ బ్లేడు ముందు మట్టి ఎలా గుట్టపడుతుందో చూసే ఉంటారు. కిందికి దూరే పలక మీది మట్టిని పై పలక అంచు అలాగే గీకి పోగేస్తుంది. ఆ పోగు పెరిగేకొద్దీ గట్టు లేస్తుంది. గట్టు లేస్తే, దానికి ఆనుకుని అప్పటికే పరుచుకున్న పొరలు తీరం వైపు వాలుతాయి. తర్వాత వచ్చిన పొరలు వాటి మీద చదునుగా పడతాయి. ఈ వాలుల తేడాను బట్టే గట్టు ఎప్పుడు లేచిందో చెప్పగలం. జపాన్‌లోని కుమానో బేసిన్‌లో ఇలాంటి వాలు స్పష్టంగా కనిపిస్తుంది. 2007 నుంచి చిక్యూ అనే ఓడ ఆ ప్రాంతంలో బోర్లు వేసింది.

అన్ని చోట్లా గట్టు పెరగదు. ఉత్తర చిలీ దగ్గర ట్రెంచ్‌లోకి వచ్చే మట్టి చాలా తక్కువ. అక్కడ పై పలక అడుగే అరిగిపోతూ వచ్చింది. సుమత్రాలో పలక ఎదురుగా కాక ఓరగా వచ్చి గుద్దుతుంది కాబట్టి, నేల పక్కకు జరిగే పెద్ద ఫాల్టు దీవి పొడవునా ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ అండమాన్. ఆ దీవులే గట్టు. వాటికి తూర్పున సముద్రం కింద బేసిన్, ఇంకా అవతల బ్యారన్ అగ్నిపర్వతం. గోదావరి లోయలో మెల్లగా వాలే పొరలు చూసిన కంటికి, పోర్ట్ బ్లెయిర్ తీరంలో దాదాపు నిలువుగా లేచిన ఇసుకరాయి కనబడితే కాలు కదల్లేదు. ఆ కదలిక ఆగలేదు కూడా. 2004 డిసెంబర్ 26 భూకంపంలో నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ 4.25 మీటర్లు కుంగింది. అదే రోజు ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడాల దిబ్బలు నీళ్లలోంచి పైకొచ్చాయి.

ఈ బేసిన్లు చివరికి ఏమవుతాయో టిబెట్‌లో షిగాట్సే దగ్గర కనిపిస్తుంది. క్రెటేషియస్ నాటి, అంటే డైనోసార్ల చివరి యుగం నాటి, ఫోర్‌ఆర్క్ బేసిన్ అది. మన భారత పలక వచ్చి ఢీకొన్నాక ఆ సముద్రపు పొరలు మడతలు పడి, ఇప్పుడు దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉన్నాయి.

పరీక్షలో బొమ్మ గీసేటప్పుడు పొరలన్నీ అడ్డగీతల్లా పెట్టకండి. అడుగు పొరలను గట్టు దగ్గర పైకెత్తి తీరం వైపు ఎక్కువగా వాల్చండి, పైవాటిని తక్కువగా వాల్చండి. మీరు అడిగిన రెండో ప్రశ్నకు సగం జవాబు ఆ బొమ్మలోనే వస్తుంది.