ఆవిరి ఎక్కడ పోతోందో ముందు తేల్చు

చెన్నై

చిరంజీవి శ్రీనుకి ఆశీస్సులు.

సముద్రపు నీటిని మరిగించి మంచినీరు తీసే ఎంఈడీ యూనిట్, ఎనిమిది ఎఫెక్టులది (ఒకదాని ఆవిరి తర్వాతిదాన్ని మరిగించే గదులు), నీ చేతికొచ్చిందనీ, ఆవిరి ఖర్చు తగ్గించమంటున్నారనీ రాశావు. కొత్త సామాను మాట తర్వాత. ముందు లెక్క చూడు. 70 డిగ్రీల దగ్గర కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2,330 కిలోజౌల్స్ కావాలి. ఆ వేడిని ఒక్కసారే వాడి వదిలేస్తే టన్ను మంచినీటికి దాదాపు 650 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి ఖర్చు. మీ యూనిట్‌లో కిలో ఆవిరికి ఆరున్నర నుంచి ఏడు కిలోల నీళ్ళు రావాలి, అంటే టన్నుకు వంద యూనిట్లకు అటూఇటూ. తడి ఆవిరిలో ఫ్లోమీటరు తప్పు చూపుతుంది; మొదటి ఎఫెక్టు నుంచి తిరిగొచ్చే కండెన్సేట్‌నే, అంటే ఆవిరి చల్లబడి అయిన నీటినే కొలువు. మీకు థర్మోకంప్రెసర్ (వాడిన ఆవిరిని ఎక్కువ పీడనం ఆవిరితో నొక్కి మళ్ళీ మొదటి ఎఫెక్టుకు పంపేది) లేదు కాబట్టి ఈ కొలత చాలు.

ఆవిరికీ వచ్చే నీళ్ళకీ ఉన్న ఈ నిష్పత్తి తగ్గితే మొదటి అనుమానం గాలి మీదే. ఐదో ఎఫెక్టులో ఆవిరి 50 డిగ్రీలుంటే పీడనం 123 మిల్లీబార్లుండాలి. 140 ఉందంటే, మీటర్లు సరిగ్గా ఉంటే, ఆ 17 గాలిదే. అది ట్యూబుల లోపల, చివర్లో పోగై ఆవిరిని గోడకు చేరనివ్వదు. షట్‌డౌన్‌లో నీళ్ళు దించి, షెల్ ఆరాక వాక్యూమ్ లాగి, ఎజెక్టర్ (గాలిని బయటికి లాగేది) వాల్వు మూసి గంటసేపు పీడనం రాసుకో. తడిగా ఉండగా చేస్తే లోపలి తేమే ఆవిరై లీకులా కనిపిస్తుంది. మ్యాన్‌హోల్ గాస్కెట్లు, సైట్ గ్లాసులు, వాల్వు గ్లాండ్లు, బ్రైన్ (మిగిలిన చిక్కటి ఉప్పునీటి) పంపు సీలు, ఇన్‌స్ట్రుమెంటు నిపుల్స్ మీద షేవింగ్ ఫోమ్ పూసి చూడు. లీకున్న చోట లోపలికి లాక్కుని గుంట పడుతుంది. వెంట్లు బార్లా తెరిచినా నష్టమే, గాలితో పాటు మంచి ఆవిరీ పోతుంది.

ఉత్పత్తి తగ్గగానే ఆవిరి పెంచి 70 డిగ్రీలు దాటించాలనిపిస్తుంది. పుండు ఒకచోట, మందు ఒకచోట! బైకార్బనేట్ విడిపోయి కాల్షియం కార్బనేట్ పేరుకుంటుంది, పేరుకున్నకొద్దీ ఇంకా ఆవిరి అడుగుతుంది. స్ప్రే నాజిల్స్ విప్పి చూడు. ఒక్కటి మూసుకున్నా దాని కింది ట్యూబులు ఎండి, అక్కడే గట్టిపడుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సముద్రంలో బురద ఎక్కువ; స్ట్రెయినర్లు తరచూ కడిగించు. ట్యూబులు అల్యూమినియం మిశ్రమానివైతే కడగడానికి యాసిడ్, ఇన్హిబిటర్ (యాసిడ్ లోహాన్ని తినకుండా కలిపేది) తయారీదారు చెప్పినవే వాడు. జిప్సం పొర యాసిడ్‌కు లొంగదని కూడా గుర్తుంచుకో.

మే నెలలో సముద్రపు నీరే వెచ్చబడుతుంది, ఆఖరి ఎఫెక్టు వేడెక్కి ఉత్పత్తి కొంత పడుతుంది. దానికి నిన్ను తప్పుబడితే, అదే నీటి ఉష్ణోగ్రత దగ్గరి పాత రీడింగులు ముందు పెట్టు. కానీ కండెన్సర్ ఆవిరికీ, బయటికొచ్చే కూలింగ్ నీటికీ మధ్య తేడా మూడు డిగ్రీల నుంచి ఆరుకి పెరిగితే అది వేసవి మహిమ కాదు, ట్యూబులు మురికిపట్టాయి.

థర్మోకంప్రెసర్ పెడదామనేవాళ్ళు వస్తారు. దానితో నిష్పత్తి పెరిగే మాట నిజమే. అయితే అది తాగేది ఎక్కువ పీడనం ఆవిరి. అదే ఆవిరి టర్బైన్‌లో కరెంటు పుట్టించేది. ఆ పోయిన యూనిట్లు లెక్కలో వేయకుండా సంతకం పెట్టకు. తక్కువ వేడికీ విలువుంది: ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రంలో ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) 2009లో కండెన్సర్ వదిలే వెచ్చటి నీటి నుంచే మంచినీరు తీసింది.

ఎనిమిది ఎఫెక్టుల ఉష్ణోగ్రతలు, పీడనాలు ఒకే గంటలో తీసి పంపు. వేర్వేరు షిఫ్టులవి కలిపితే పనికిరావు.

ఇట్లు
బాబాయి