ఓటు లేని వలసదారుల వల్ల అమెరికాలో సీట్లు ఎలా మారతాయి?

అమెరికా ప్రతినిధుల సభలో సీట్లు 435 మాత్రమే. పదేళ్లకోసారి జనగణన చేసి వాటిని రాష్ట్రాలకు పంచుతారు. 14వ రాజ్యాంగ సవరణ ప్రకారం లెక్కపెట్టేది ఓటర్లను కాదు, అక్కడ నివసించే వాళ్లందరినీ. హెచ్‌1బీ వీసా మీద టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్లకు ఓటు లేదు, కానీ లెక్కలో ఉంటారు.

ముందు రాష్ట్రానికొక సీటు ఇస్తారు. మిగతా 385 ఒక్కొక్కటిగా వెళ్తాయి. ఒక సీటున్న రాష్ట్రానికి రెండోది కావాలంటే, దాని జనాభాను 1×2 లబ్ధానికి వచ్చే వర్గమూలంతో భాగిస్తారు. మూడోదానికి 2×3 వర్గమూలంతో. ఇలా భాగిస్తే వచ్చే విలువ ఏ రాష్ట్రానికి పెద్దదైతే సీటు దానిది. మొత్తం పెరగదు కాబట్టి వలసలతో ఒకరికి కలిసొచ్చిన సీటు ఇంకొకరి దగ్గర తగ్గేదే.

అసలు పోటీ చివరి సీటు దగ్గరే. 2020లో న్యూయార్క్ 89 మంది తక్కువై సీటు పోగొట్టుకుంది, మిన్నెసోటా నిలబెట్టుకుంది. వలసదారులు భయపడి జనగణన ఫారం నింపకపోతే ఆ నష్టం రాష్ట్రం మొత్తానిది. సీటుతో పాటు అధ్యక్ష ఎన్నికల్లో రాష్ట్రం తరఫున పడే ఎలక్టోరల్ ఓట్లలో ఒకటి కూడా పోతుంది.