కోచింగ్ సంగతి తర్వాత, ముందు రిపోర్టు రాయనివ్వండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె, టమాటా రైతులం. మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. పది దాకా తెలుగు మీడియం. మార్కులకు ఢోకా లేదు. మట్టి తేమను బట్టి డ్రిప్ నడిపే మినీ ప్రాజెక్టు చేశాడు. రిపోర్టు రాయాలన్నా, సెమినార్ ఇవ్వాలన్నా టెన్షన్ పడుతున్నాడు. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆ క్లాసుల్లో పలకరింపులు, సెల్ఫ్ ఇంట్రడక్షన్ లాంటివి నేర్పుతారు. మీవాడికి చిక్కల్లా చేసిన పనిని వరసగా చెప్పడంలో ఉంది. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించడమే తప్ప, సొంతంగా నాలుగు పేరాలు రాయాల్సిన అవసరం చాలామంది ఇంజినీరింగ్ పిల్లలకు ప్రాజెక్టు దాకా రాదు.

అందుకే రిపోర్టు తెరిస్తే ‘దేశానికి వ్యవసాయమే వెన్నెముక’ అని మొదలవుతుంది. సీనియర్ల ఫైల్లోనూ అదే ఉంటుంది. మీవాణ్ని ఇలా రాయమనండి: ‘టైమర్ పెడితే వాన పడిన రోజు కూడా డ్రిప్ నడుస్తుంది. నేలలో తేమ తగ్గినప్పుడే వాల్వ్ తెరుచుకునేలా మేం సెన్సార్ పెట్టాం.’ ముందు తెలుగులోనే రాసుకోనివ్వండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి మార్చుకుంటాడు. గ్రామర్ చివర్లో చూసుకోవచ్చు.

రాసే వరస కూడా ముఖ్యమే. అబ్‌స్ట్రాక్ట్, అంటే రిపోర్టు మొత్తానికి సారాంశం, మొదటి పేజీలో ఉంటుంది కాబట్టి పిల్లలు దానితోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ముందు ఏయే పరికరాలు కలిపారు, సెన్సార్ ఎంత లోతులో పెట్టారు అన్నది రాయాలి. తర్వాత రీడింగులు, వాటి అర్థం, ఆపైన ఇంట్రడక్షన్. అన్నీ అయ్యాకే అబ్‌స్ట్రాక్ట్. చాట్‌జీపీటీతో తప్పులు దిద్దించుకోవడానికి కాలేజీ ఒప్పుకుంటే సరే. మొత్తం దానితోనే రాయిస్తే మాత్రం, వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ ఒక లైను చూపించి ‘అంటే ఏంటి బాబూ?’ అన్నప్పుడు నోరు పెగలదు.

సెమినార్‌కు స్లైడ్ల నిండా అక్షరాలు వద్దు. ఒక్క గ్రాఫ్ పెట్టి, దాన్ని రెండు నిమిషాలు వివరించడం ప్రాక్టీస్ చేస్తే చాలు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో టెక్నికల్ ఇంగ్లిష్ మీద ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలున్నాయి. వినడానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

మీరూ ఓ పని చేయండి. వాడు ఇంటికొచ్చినప్పుడు తోటలోకి తీసుకెళ్లి ఆ ప్రాజెక్టు గురించి చెప్పమనండి. ‘తేమ ఇంతకు తగ్గితేనే నీళ్లు వదలాలని నీకెలా తెలిసింది?’ అని అడగండి. తడబడితే రిపోర్టులో ఆ పేజీ మళ్లీ రాయాల్సిందే.